తమ్ముడి పందెం బూట్లు

జూన్ 9

చిన్నోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, ఈ ఉత్తరం రాసేవరకూ. తర్వాతి సంగతి నాకు తెలియదు.

మొన్న ఆదివారం మరదలు ఫోన్ చేసింది. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా. కోడలు విని, నాకు గట్టిగా చెప్పింది. నువ్వు తెల్లవారుతూనే లేచి రోడ్డు మీద పరుగెత్తుతున్నావట. నేను నమ్మలేదు. ఎవరు తరుముతున్నారో కనుక్కోమన్నాను. ఎవరూ తరమడం లేదట, నీ అంతట నువ్వే పరుగెత్తుతున్నావట. నాకు అదే ఎక్కువ భయం వేసింది. కుక్క తరిమితే అది ఆగినప్పుడు నువ్వూ ఆగుతావు. ఎవరూ తరమకుండా పరుగెత్తేవాడు ఎక్కడ ఆగుతాడు?

బతుకంతా గడియారాల షాపులో స్టూలు మీద కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని పని చేసినవాడివి. షాపు మూసేశావంటే ఇక ఇంటిపట్టున ఉంటావని సంతోషించాను. అరవై దాటాక ఈ పరుగులేమిట్రా? మన ఇంట్లో మగవాళ్ల గుండెలు గట్టివి కావు. నాన్నని చూడు, పెద్దన్నయ్యని చూడు. మిగిలింది నువ్వొక్కడివి. జుట్టు తెల్లబడినంత మాత్రాన నాకు చిన్నోడివి కాకుండా పోవు.

ఇక్కడ పై ఇంటివాళ్ల నీళ్లు మా వంటగది గోడలోకి దిగుతున్నాయి. మావాడు పట్టించుకోడు. ఆ గోడ ఎప్పుడు మీద పడుతుందో అని నేను కూరగాయలు ముందు గదిలో కూర్చుని తరుగుతున్నాను.

వెంటనే మానేసి, మానేశానని రాయి.

అక్క

* * *

జూన్ 20

అక్కా,

ఉత్తరం అందింది. నన్ను ఇంతవరకూ తరిమినది నువ్వొక్కదానివే, అదీ నీ పలక పగలగొట్టినప్పుడు.

షుగర్ వచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నీకు రాశాను. నడిచాను. పార్కులో నాలాంటివాళ్లు కొందరు ఒక దీపస్తంభం దాకా నడిచి, తర్వాతి స్తంభం దాకా మెల్లగా పరుగెత్తుతుంటే వాళ్లతో కలిశాను. కొన్నాళ్లకి మధ్యలో నడక తగ్గిపోయింది. ఎందుకు అని అడిగితే గొప్పగా చెప్పడానికేమీ లేదు. బతుకంతా నా పని గోరంత మేరలో జరిగింది. నా కాళ్లు ఎంత దూరం పోతాయో నాకే తెలియదు. తెలుసుకోవాలనిపించింది.

చిక్కల్లా బూట్లతోనే. పాత కాన్వాస్ బూట్లతో పరుగెత్తితే రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. గుంపులోవాళ్లు పరుగు బూట్లు అమ్మే ఒక షాపు చెప్పారు. అక్కడ ఒక అమ్మాయి ఉంది. పొద్దున వెళ్తే సాయంత్రం రమ్మంది. సాయంత్రానికి కాళ్లు కాస్త వాస్తాయట, దూరం పరుగెత్తినా అలాగే వాస్తాయట, అందుకని కొలత అప్పుడే తీసుకోవాలట. తీస్తే నా ఎడమ పాదం కుడిదానికన్నా పెద్దది. తర్వాత బెల్టు యంత్రం మీద వట్టి కాళ్లతో పరుగెత్తించి, నా పాదాలు ఎలా పడుతున్నాయో వెనక నుంచి వీడియో తీసింది. పాదం లోపలి వైపుకి వాలుతోందట. బూటు కొనలో బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలట, నేను ఇన్నాళ్లూ బిగుతుగా వేసుకోవడం వల్లే గోళ్లు నల్లబడ్డాయట. అడుగు దళసరిగా, మెత్తగా ఉన్న జత ఒకటి ఇచ్చింది. ఇప్పుడు హాయిగా ఉంది.

మానేశానని మాత్రం రాయలేను. గోడ సంగతి మేనల్లుడికి నేను ఫోన్ చేసి చెబుతాను.

నీ తమ్ముడు

* * *

జూలై 1

చిన్నోడికి,

అక్క దీవెనలు. గోడ బాగుచేయించారు. ఇప్పుడు సిమెంటు వాసన. అది ఊపిరితిత్తులకి మంచిది కాదంటారు.

నీ ఉత్తరం కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. తర్వాత కోడలికి చదివి వినిపించాను. తను ఆసుపత్రిలో నర్సు కదా, యథాలాపంగా ఒక మాట అంది: "బెల్టు మీద పరుగెత్తించేది మా దగ్గర గుండె పరీక్షలో, అత్తయ్యా." అని ఉల్లిపాయ తరుక్కోవడానికి వెళ్లిపోయింది. నేను మాత్రం నీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచీ చదివాను.

నేను పెద్దగా చదువుకోనిదాన్నే గానీ ముక్కలు కలుపుకోవడం తెలియనిదాన్ని కాదు. సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి. ఒక పాదం పెద్దదయింది. గోళ్లు నల్లబడ్డాయి, అంటే నెత్తురు కొసలదాకా అందడం లేదు. బెల్టు మీద పరుగెత్తించి వీడియో తీశారు. ఇంత చెప్పి, పైగా బూట్ల షాపంటావా? గిన్నె కొనడానికి వెళ్తే వంట చేసి చూపించమని నన్నెవరూ అడగలేదు. ఏ షాపువాడైనా బేరానికి వచ్చినవాడిని సాయంత్రం రమ్మని పంపుతాడా? అలా పంపేది డాక్టర్లే. నాకు చెబితే కంగారు పడతానని డాక్టరమ్మని షాపు అమ్మాయిని చేశావు. నాన్న కూడా ఇలాగే నొప్పి అనకుండా అజీర్తి అనేవాడు.

ఇవన్నీ చెబితే మావాడు "అమ్మా, వాడు బూట్లే కొన్నాడు, పడుకో" అన్నాడు. వాడు అలాగే అంటాడు. వాడికి గోడ కూడా బాగానే కనిపించింది.

డాక్టరు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. కోడలు వాళ్ల ఆసుపత్రిలో పెద్ద డాక్టరుని అడుగుతానంది. నేను ఒక సంచీ సర్ది పెట్టుకున్నాను. నువ్వు రమ్మంటే బయలుదేరతాను, రమ్మనకపోయినా బయలుదేరతాను.

అక్క

* * *

జూలై 12

అక్కా,

సంచీలోవి తీసి సర్దేసుకో.

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. గిన్నె దగ్గరకి వచ్చేసరికి కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి, కాసేపు నా మొహంలోకి చూసి, "నిజంగానే ఏమీ దాచడం లేదు కదా" అంది. అలా నాకు ఇద్దరక్కలు తయారయ్యారు. ఇద్దరికీ నిద్ర పట్టాలని ఆసుపత్రికి వెళ్లి, ఈసారి నిజంగానే బెల్టు మీద గుండె పరీక్ష చేయించుకున్నాను. ఒంటికి తీగలు తగిలించారు. నా పాదాల వంక ఎవరూ చూడలేదు. గుండెకి ఏ లోపమూ లేదని, పరుగు మానక్కర్లేదని డాక్టరు అన్నాడు. ఆ కాగితం నకలు దీనితో పెడుతున్నాను. కోడలికి చూపించు. తను నమ్మితే నువ్వూ నమ్ము.

నువ్వు భయపడినందుకు కాదు గానీ, అబద్ధమాడానన్నందుకు మాత్రం మనసు చివుక్కుమంది. అందుకని ఉన్నది ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత ఇంకెవరి నోటనో వినవద్దు. డిసెంబరులో ఇక్కడ మారథాన్ ఉంది. నలభై రెండు కిలోమీటర్లు. పేరు ఇచ్చాను. గెలవడానికి కాదు, అవతలి చివర దాకా వెళ్లడానికి. రోజూ సాధనకి ఈ దళసరి జతే. పందేనికి వేరే జత ఉంటుందట, తేలిగ్గా, కాస్త ముందుకి తోసినట్టు ఉంటుందట. మంచిది చూసి తీసి ఉంచుతానంది షాపు అమ్మాయి.

నువ్వు వద్దన్నా నేను పరుగెత్తుతాను, అక్కా. కానీ నువ్వు వద్దన్న రోజున కాళ్లు బరువుగా ఉంటాయి. అది ఏ బూటుతోనూ పోదు.

తమ్ముడు

* * *

ఆగస్టు 30

చిన్నోడికి,

దీవెనలు. ఆలస్యానికి కారణం కోపం కాదు. కోపమే అయితే ఆ రోజే రాసేదాన్ని.

కాగితం కోడలు చూసింది. గీతలన్నీ సరిగ్గా ఉన్నాయంది. నేనూ చూశాను, నాకు అన్నీ కొండల్లా కనిపించాయి. బాగుందంటే బాగుందనుకున్నాను. అబద్ధమాడావన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నలభై రెండు అంటే ఎంతో నాకు తెలియలేదు. మా ఇంటి నుంచి ఆసుపత్రి ఎంత దూరమని కోడల్ని అడిగాను. బస్సులో తను వెళ్లివచ్చే దూరం ఎన్నిసార్లయితే అంత అవుతుందో చెప్పింది. నేను మంచం మీద కూర్చుండిపోయాను. అంత దూరం పోవడానికే కదా బస్సు కనిపెట్టారు.

అయినా నా మాట వల్ల నీ కాళ్లు బరువెక్కుతాయంటే, బరువైన కాళ్లతో రోడ్డు దాటడం ఇంకా ప్రమాదం. అందుకని చెబుతున్నాను. సరే, పరుగెత్తు. ఇష్టంతో అనలేదు, కానీ అన్నాను.

అన్నాక నాలుగు మంచి మాటలు కూడా చెప్పాలి కదా. వాహనాలవాళ్లకి దూరం నుంచే కనిపించే రంగు బట్టలు వేసుకో. నీళ్లు ఎవరిచ్చినా వాసన చూసి తాగు. ఇక ఆ పందెం బూట్లు కొంటే మాత్రం, ముందుగా వేసుకుని మాపుకోకు. పెట్టెలోనే ఉంచి ఆ రోజు పొద్దున తియ్యి. మన ఇంట్లో ఏ కొత్త వస్తువైనా దాని రోజు వచ్చేదాకా ఒంటికి తగలనిచ్చామా? బడి తెరిచే రోజు దాకా నీ బూట్లు బీరువా మీదే ఉండేవి, నువ్వు కింద నిలబడి చూసేవాడివి. నా బీరువాలో ఇప్పటికీ దుప్పట్లు, తువ్వాళ్లు మడత విప్పనివి ఉన్నాయి. కొన్ని మడతల దగ్గరే చిరిగాయని కోడలు నవ్వుతుంది. నవ్వనీ. కొత్తది కొత్తగా ఉన్నప్పుడే దానికి బలం.

అక్క

* * *

సెప్టెంబరు 15

అక్కా,

నీ "సరే" చదివాక బయటికి వెళ్లి, ఆ వేళ పరుగెత్తే రోజు కాకపోయినా పరుగెత్తి వచ్చాను.

బూట్లు కొన్నాను. అయిదారు జతలు తొడిగి చూపించింది ఆ అమ్మాయి. ఒకటి వేళ్ల దగ్గర ఇరుకు, ఒకటి మడమ దగ్గర వదులు, ఒకటి గాల్లోకి ఎగరేసినట్టుంది, నాకే భయం వేసింది. చివరికి పసుపు రంగుది కుదిరింది. దూరం నుంచి కనిపిస్తుంది, నీ మాట చెల్లింది. చేతిలో పెడితే ఉత్త పెట్టె ఇచ్చారనుకుంటావు, అంత తేలిక.

వీటిని ముందే కొన్ని పొడుగు పరుగుల్లో వేసుకుని అలవాటు చేసుకోవాలని ఆ అమ్మాయి గట్టిగానే చెప్పింది. నేను తల ఊపాను. ఊపి, ఇంటికొచ్చి పెట్టె బీరువా మీద పెట్టాను. నా పరుగు గురించి నువ్వు మొదటిసారి మంచి మాట అన్నావు. దానితో పాటు వచ్చిన సలహాని కాదనబుద్ధి కాలేదు. పైగా నిజం చెప్పాలంటే, దాచి ఉంచడం నాకూ బాగుంది. సాయంత్రం పెట్టె దించి, మూత తీసి చూసుకుని మళ్లీ పెట్టేస్తున్నాను. "ఆ బూట్లు నువ్వు కొన్నావా, అవి నిన్ను కొన్నాయా" అంటోంది నీ మరదలు.

సాధన బాగా సాగుతోంది. గోళ్లు మళ్లీ తెల్లగా వస్తున్నాయి.

తమ్ముడు

* * *

నవంబరు 28

చిన్నోడికి,

దీవెనలు. నీ పందెం దగ్గర పడుతోంది. నాకు రాత్రి వచ్చిందంటే నువ్వు పరుగెత్తుతున్నట్టే ఉంది. నేను అటు తిరిగితే నువ్వు అటు, ఇటు తిరిగితే ఇటు. పొద్దున లేచేసరికి నాకు కాళ్ల నొప్పులు.

బూట్లు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి కదా. జాగ్రత్త. మరదలు దుమ్ము దులుపుతూ కింద పడేస్తుందేమో. బూటు తాడు రెండు ముళ్లు వేసుకో. పక్కవాడు వేగంగా పోతే పోనీ, నువ్వు వాడి వెంట పడకు. చిన్నప్పటి నుంచి నీకు ఆ బుద్ధి ఉంది.

అయిపోయాక ఎవరిచేతైనా కోడలికి ఫోన్ చేయించు. వివరం తర్వాత రాద్దువు గానీ, బతికున్నావన్న ముక్క ముందు తెలియాలి.

అక్క

* * *

డిసెంబరు 19

అక్కా,

ఫోన్‌లో కోడలికి చెప్పించింది నిజమే. క్షేమంగా ఉన్నాను. కానీ చివరి దాకా వెళ్లలేదు. ఆ ముక్క నేనే రాయాలని అప్పుడు చెప్పనివ్వలేదు.

మొదట్లో చాలా బాగుంది. పసుపు బూట్లు నిజంగానే తోసుకుపోయాయి. సగం దారికి ముందే కుడి మడమ ఒరుసుకోవడం మొదలైంది. తర్వాత ఎడమది. సగం దాటాక చర్మం లేచిపోయి, మేజోడు తడిసి అంటుకుపోయింది. కాసేపు కుంటుతూ నడిచాను. అడుగులు వంకరగా వేసేసరికి మోకాలు పట్టేసింది. ఒక మందుల షాపు ముందు అరుగు మీద కూర్చుని బూట్లు విప్పాను. మళ్లీ తొడుక్కోలేకపోయాను. అందరూ పోతుంటే చూస్తూ కూర్చున్నాను. నాకన్నా పెద్దాయన ఒకడు చెయ్యి ఊపి మరీ పోయాడు. చివరికి, ఆగిపోయినవాళ్ల కోసం వెనక వచ్చే పందెం బండివాళ్లు ఎక్కించుకున్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇలాంటివి అవుతుంటాయి. మడమలు మానుతున్నాయి.

ఇక చాలనుకుంటున్నాను, అక్కా. నీ భయం ఇన్నాళ్లూ నాకు నవ్వులాటగా ఉండేది. ఆ అరుగు మీద కూర్చున్నాక తెలిసింది. గుండె బాగానే కొట్టుకుంటోంది, కాగితం కూడా బాగుంది, అయినా ఒళ్లంతా భయం పట్టుకుంది. నాన్న గుర్తొచ్చాడు, పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చానురా అనిపించింది. ఇంటికి వచ్చినా ఆ భయం పోలేదు. పొద్దున్నే మెలకువ వస్తుంది, తలుపు దాకా వెళ్తాను, వెనక్కి వచ్చి పడుకుంటాను. రెండు జతలూ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాను. పార్కులో నడక చాలు.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగిన మాట ఇప్పుడు రాస్తున్నాను. మానేశాను.

తమ్ముడు

* * *

జనవరి 6

చిన్నోడికి,

అక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అది దాచను. ఆ మర్నాడు కోడలితో మంచి కూర కూడా చేయించుకుని తిన్నాను. తమ్ముడు దారికి వచ్చాడని ఎదురింటావిడకి చెప్పుకున్నాను.

తర్వాత నాలుగు రోజులకి కోడలు డ్యూటీకి కొత్త బూట్లు కొనుక్కుంది. కొనుక్కున్నది కొనుక్కున్నట్టు ఉంచక, వాటితోనే ఇంట్లో తిరగడం మొదలుపెట్టింది. వంట వాటితోనే, బట్టలు ఆరెయ్యడం వాటితోనే. నేలంతా టకటకా చప్పుడు, నాక్కూడా వినిపించేంత. ఇంట్లో ఇదేమిటమ్మా, కొత్తవి పాడవవూ అన్నాను.

"కొత్తవి తిన్నగా వార్డుకి వేసుకెళ్తే మధ్యాహ్నానికే మడమలు ఊడిపోతాయి అత్తయ్యా. ముందు ఇంట్లో తిరిగి మెత్తబరుచుకోవాలి."

పెట్టెలోంచి అప్పుడే తీసిన బూట్లతో నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తితే ఏమవుతుందని అడిగాను. తను పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

"మామయ్యకి అలా వేసుకోమని ఎవరు చెప్పారు?"

"నేనే."

తను అటు తిరిగి పొయ్యి మళ్లీ వెలిగించుకుంది. మంచి పిల్ల. పొయ్యి మళ్లీ వెలిగించుకుంది.

ఎవరి తప్పూ లేదని రాశావు చూడు, ఆ వాక్యం తీసి మళ్లీ చదివాను. మడమ ఎందుకు ఒరుసుకుందో ఆ అరుగు మీద కూర్చున్నప్పుడే నీకు తెలుసు. షాపు అమ్మాయి ముందే చెప్పింది కూడాను. అయినా నా పేరు ఎత్తలేదు. నేను గుండె అన్నాను, కాళ్ల వాపు అన్నాను, రోడ్డు అన్నాను, బస్సు అన్నాను. వాటికి దేనికీ నువ్వు ఆగలేదు. ఏదో మంచి మాట చెప్పాననుకుని ఒక్కటి చెబితే, దానికి ఆగిపోయావు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?

ఇన్ని రోజులూ నువ్వు మానేస్తే చాలనుకున్నాను. మానేశాక చూస్తే నాకేమీ తేలిక అవలేదు. నువ్వు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి పడుకుంటున్నావన్న మాటే నాకు కళ్ల ముందు ఆడుతోంది. అది నాకు బాగా తెలిసిన పని. నేను తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవి ఎన్నో. సినిమాకని బయలుదేరి ఆగిపోయాను, తీర్థయాత్ర బస్సు ఎక్కబోయి దిగిపోయాను, ఆఖరికి నీ షాపు తెరిచిన రోజున కూడా వర్షమొస్తుందని రాలేదు. ఆ రోజు చినుకు కూడా పడలేదట. ఇంట్లో ఒకరికి ఆ జబ్బు చాలు.

కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వకు. మడమలు పూర్తిగా మానాక ఆ పసుపు బూట్లు తియ్యి. ఇంట్లో తిరుగు, పాల పాకెట్టుకి వేసుకెళ్లు, కరెంటు బిల్లు కట్టడానికి వేసుకెళ్లు. మాసిపోతే పోనీ. ఆ షాపు అమ్మాయి దగ్గరకి వెళ్లి జరిగింది చెప్పు, తను ఏం చెబితే అది చెయ్యి. బూట్ల సంగతిలో ఇక నన్ను అడగకు, నేను చెప్పినా వినకు. తర్వాత మళ్లీ పేరు ఇచ్చి, తేదీ నాకు రాయి.

నేను ధైర్యం తెచ్చుకున్నాననుకునేవు. అదేమీ లేదు. ఈ ఉత్తరం రాయడానికి ఇప్పటికే మూడు కాగితాలు చింపాను. ఆ రోజు పొద్దుటి నుంచి నేను అన్నం ముట్టను, ఫోన్ పక్కనే కూర్చుంటాను, కోడల్ని కుదురుగా ఉండనివ్వను. అది నేను బాగా చేస్తాను, ఎవరి సాయమూ అక్కర్లేదు. నువ్వు కూడా కూర్చుని భయపడితే ఇద్దరం ఒకే పని చేస్తున్నట్టు. నీ వంతు భయం కూడా నాకే వదిలెయ్యి. నువ్వు పరుగెత్తు.

అక్క